సుద్దకొండల దారి

ఇంగ్లండు దక్షిణపు అంచున, సముద్రానికి కొంచెం ఎడంగా, పడమటి నుంచి తూర్పుకు సాగిపోయే పచ్చని కొండల వరుసను సౌత్ డౌన్స్ అంటారు. పేరు విని పల్లపు నేల అనుకుంటారేమో. పాత ఇంగ్లీషులో ‘డూన్’ అంటే కొండ అని అర్థం. మన కొండలు చూసిన కళ్ళకు ఇవి గుట్టలే. వీటిలో ఎత్తైన బట్సర్ హిల్ 270 మీటర్లు. నేను తరచు ఎక్కే డిచ్‌లింగ్ బీకన్ 248 మీటర్లు. ఆరేళ్ళుగా ఈ కొండల మీద మౌంటెన్ బైకు తొక్కుతున్నాను. వాటిలో ఒక్క ఉదయం గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందు ఈ నేల గురించి చెప్పాలి. పైన కురచ గడ్డి, దాని కింద పలచని మన్ను, ఆ కింద అంతా సుద్దే. బడిలో నల్లబల్ల మీద రాసే సుద్దముక్కలు ఈ రోజుల్లో చాలావరకు జిప్సంతో చేసినవి. ఇది మాత్రం అసలు సుద్ద. రమారమి పది కోట్ల సంవత్సరాల క్రితం ఇక్కడ వెచ్చని సముద్రం ఉండేది. అందులో తేలియాడిన, కంటికి కనిపించని నాచుజీవుల సున్నపు పెంకులు అడుగున పేరుకుంటూ వచ్చాయి. వెయ్యేళ్ళకు ఏ కొన్ని సెంటీమీటర్లో చొప్పున, కోట్ల ఏళ్ళపాటు. తర్వాతి కాలంలో ఆల్ప్స్ పర్వతాలను లేపిన భూమి ఒత్తిడే ఈ అడుగునూ పైకెత్తింది. 1868లో థామస్ హక్స్‌లీ నారిచ్ పట్టణపు శ్రామికుల ముందు ఒక సుద్దముక్కను ఆధారం చేసుకుని భూమి చరిత్ర మొత్తం ఉపన్యసించాడు. ఆ ఉపన్యాసానికి ఎన్నుకోవడానికి అంతకన్న తగిన వస్తువు లేదని ఇక్కడ తిరిగాక నాకు అర్థమైంది.

సైకిలు తొక్కేవాడికి మాత్రం సుద్ద రెండు ముఖాల దేవత. ఎండకాస్తే సిమెంటు రోడ్డంత గట్టిగా, తెల్లగా మెరుస్తూ పిలుస్తుంది. వాన పడిందా, పైపొర మెత్తబడి సబ్బు రుద్దిన బండలా తయారవుతుంది. టైరు గాళ్ళలో తడిసుద్ద కూరుకుపోయి, ఎంత గంట్లున్న టైరయినా నున్నబడుతుంది. దానికి తోడు చెకుముకి రాళ్ళు. ఆ ప్రాచీన సముద్రంలోని స్పాంజీల వంటి జీవుల సిలికా కరిగి గడ్డకట్టిన ముద్దలవి. పగిలితే అంచు గాజుపెంకులా ఉంటుంది. సిస్‌బరీ అన్న కొండ మీద కొత్తరాతియుగపు మనుషులు గొడ్డళ్ళ కోసం వీటిని గనులు తవ్వి తీసుకున్నారు. ఇప్పుడవి మా టైర్లు కోస్తున్నాయి.

ఇక దారుల సంగతి. ఈ పొలాలూ కొండలూ చాలావరకు ఎవరో ఒకరి సొంతం. అయినా వాటి మధ్యగా తరతరాలుగా జనం నడిచిన బాటలున్నాయి. పసుపు బాణం గుర్తుంటే కాలిబాట, అది నడిచేవారికే. నీలం బాణం ఉంటే ‘బ్రైడిల్‌వే’, అంటే గుర్రపుబాట. 1968లో పార్లమెంటు చేసిన గ్రామసీమల చట్టం గుర్రపుబాటల మీద సైకిలు తొక్కే హక్కును అందరికీ ఇచ్చింది. ఇస్తూనే ఒక షరతు పెట్టింది: సైకిలు మీద పోయేవాడు నడిచేవారికీ, గుర్రం మీద వచ్చేవారికీ దారి ఇవ్వాలి. అప్పటికి మౌంటెన్ బైకు పుట్టనే లేదు. 1970లలో కాలిఫోర్నియాలో కొందరు కుర్రాళ్ళు లావు టైర్ల పాత సైకిళ్ళను మార్చుకుని కొండలు దిగడం మొదలుపెట్టాక గానీ అది రూపు దిద్దుకోలేదు. చట్టం రాసినవారి ఊహలో ఉన్నది బహుశా ముందు బుట్ట కట్టుకుని నెమ్మదిగా పోయే సైకిలే.

ఆ చట్టం చలవవల్లే, 1972లో ప్రారంభమై తర్వాత వించెస్టర్ దాకా పొడిగిన సౌత్ డౌన్స్ వే అన్న దారి మీద ఈస్ట్‌బోర్న్ వరకు 160 కిలోమీటర్లు సైకిలు తొక్కుతూ పోవచ్చు. ఈ హక్కు గురించి నాకు బాగా తెలుసు. షరతు గురించి కూడా తెలుసుననే అనుకునేవాణ్ణి.

మూడేళ్ళ క్రితం, అక్టోబరు నెల. రాత్రంతా వాన కురిసి తెల్లవారేసరికి తెరిపి ఇచ్చింది. డిచ్‌లింగ్ బీకన్ మీదికి చేరేసరికి ఉత్తరాన మైదానమంతా మంచులో మునిగి ఉంది. ఈ కొండలు దక్షిణానికి మెల్లగా వాలి, ఉత్తరానికి గోడలా దిగుతాయి. ఆ ఉత్తరపు వాలు మీద ఒక గుర్రపుబాట ఉంది. ఏ కాలపు బళ్ళో, గొర్రెల మందలో అరగదీయగా అది నేలలోకి దిగబడి, రెండు వైపులా గట్లతో కాలువలా ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు అక్కడ దిగకూడదని తెలుసు. అయినా దిగాను. కారణం ఏమీ లేదు. అంతకు ముందు ఆదివారం కన్న వేగంగా దిగాలనిపించింది, అంతే.

వంపు తిరగగానే ఎదురుగా గోధుమరంగు గుర్రం. దానిపైన అరవై దాటిన ఒక స్త్రీ. బ్రేకు పట్టాను. చక్రం ఆగింది, సైకిలు ఆగలేదు. తెల్లని బురద మీద పక్కకు జారి, గట్టుకు కొట్టుకుని పడ్డాను. గుర్రం ముందుకాళ్ళు రెండూ పైకి లేపింది. ఆ గిట్టలు మళ్ళీ నేలకు ఆనేంతవరకు గడిచిన క్షణం నాకు ఇప్పటికీ ముగియలేదు. ఆమె పడి ఉంటే ఆ ఇరుకులో ఏమయ్యేదో ఊహించడానికి నాకు ధైర్యం చాలదు.

ఆమె పడలేదు. నావైపు చూడనుకూడా లేదు. గుర్రం మెడ నిమురుతూ, చిన్నపిల్లను జోకొట్టినట్టు ఏదో చెబుతూ చాలాసేపు ఉండిపోయింది. అది కుదుటపడ్డాక నన్నడిగింది, లేవగలరా అని. మోచెయ్యి చెకుముకి రాయికి తెగి రక్తం సుద్దలో కలిసి గులాబీరంగుగా కారుతోంది. లేచి క్షమాపణ చెప్పుకున్నాను. తిడుతుందనుకున్నాను. “మీరు మనిషని దానికి తెలియలేదు,” అంది. “చప్పుడు లేకుండా మీదికొచ్చే వస్తువంటే దానికి భయం. ఈసారి ఏదైనా మాట్లాడుతూ రండి. గొంతు వింటే మనిషేనని తెలుసుకుంటుంది.” అని, గట్టు వెడల్పున్న చోటికి గుర్రాన్ని జరిపి, నేను సైకిలు నడిపించుకుపోయేదాకా ఆగింది. దారి ఇవ్వవలసినవాణ్ణి నేను. ఇచ్చింది ఆమె.

తర్వాత ఆ వంపు దగ్గరికి కాలినడకన వెళ్ళాను. నా చక్రం జారిన చోట గట్టు మీద గడ్డి రెండు గజాల మేర చీలి తెల్లని సుద్ద బయటపడి ఉంది. చలికాలం పొడుగునా వాననీరు ఆ చీలికనే దారి చేసుకుంది. వసంతానికి అది అరచెయ్యి లోతు గాడి అయింది. అక్కడి గడ్డి అల్లాటప్పాది కాదు. శతాబ్దాలుగా గొర్రెలు మేయగా ఏర్పడిన ఇటువంటి పచ్చికలో ఒక్క చదరపు మీటరులో నలభై రకాల దాకా మొక్కలుంటాయట. సుద్ద కోట్ల ఏళ్ళకు పేరుకుంది, పచ్చిక వందల ఏళ్ళకు అల్లుకుంది. నేను చీల్చడానికి ఒక క్షణం పట్టింది.

2010లో ఈ కొండలను జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. వీటి మీద పడే వాన సుద్దపొరల్లోకి ఇంకి, బ్రైటన్ నగరానికి తాగునీరవుతుంది. పైకి మాత్రం ఎక్కడా వాగు కనిపించదు. పాతకాలంలో గొర్రెల కోసం బంకమన్ను మెత్తి కుంటలు చేసుకునేవారు. తన మీద పడినదాన్ని ఇంత నిదానంగా లోపలికి తీసుకునే నేల మీద నేను అంత తొందరపడ్డాను.

తొక్కడం మానలేదు. వాన వెలిసిన రోజుల్లో నిటారు వాలు జోలికి పోను. కొండకొస చివర సైకిళ్ళకు ఆల్‌ఫ్రిస్టన్ నుంచి జెవింగ్టన్ మీదుగా లోపలి దారి కేటాయించారు. సెవెన్ సిస్టర్స్ తెల్లని కొండచరియల మీది బాట నడిచేవారిది. ఒకప్పుడు ఇది అన్యాయమనిపించేది. ఇప్పుడు ఆ చరియలను చూడాలనిపిస్తే సైకిలు ఇంట్లో వదిలి వెళతాను.

ఇక వంపుల దగ్గర వేగం తగ్గించి “వస్తున్నానండోయ్!” అని కేకవేస్తాను, తెలుగులోనే. గుర్రానికి భాషతో పనిలేదు కదా. ఒకసారి వంపు అవతలి నుంచి ఎవరో ముసలాయన అదేమిటో అర్థం కాకపోయినా “రండి రండి” అన్నట్టు ఇంగ్లీషులో బదులు పలికాడు.

పోయిన నెల ఆ గుర్రపుబాట మీదికి మళ్ళీ వెళ్ళాను. పొడిగానే ఉంది. కేకవేశాను, బదులు రాలేదు. అయినా దిగి, ఆ వంపు దాటేదాకా నడిచాను. గాడి అంచులను గడ్డి మెల్లగా అందుకుంటోంది. నడుమ మాత్రం ఇంకా తెల్లగానే ఉంది.