తేదీలు రాయండి, టైములు రాయండి

ఫ్యామిలీ కోర్టులో కొత్తగా చేరిన కౌన్సెలర్లకు నేను మొదట చెప్పేది ఒక్కటే: పిల్లల్ని "అమ్మ కావాలా, నాన్న కావాలా" అని అడగకండి. ఏ జవాబు చెప్పినా రెండోవాళ్లకు అన్యాయం చేశానని ఆ పసిమనసు కుమిలిపోతుంది.

నాకు పని నేర్పిన సీనియర్ మేడం "నిన్న బడి నుంచి వచ్చాక ఏం చేశావు నాన్నా?" అని మొదలుపెట్టేవారు. క్యారేజీ ఎవరు కట్టారు, హోంవర్కు ఎవరు చూశారు, జ్వరమొస్తే పక్కన ఎవరు పడుకుంటారు అని మెల్లగా అడిగేవారు. కాసేపట్లో ఆ ఇల్లు కళ్లకు కట్టేది. ఆమె రిపోర్టుల్లో అభిప్రాయాలు తక్కువ, ఇలాంటి వివరాలు ఎక్కువ. జడ్జిగారికి అక్కరకొచ్చేవి అవే.

1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, ఆలోచించి ఇష్టం చెప్పగల వయసున్న పిల్లల మాటను కోర్టు పరిగణించవచ్చు అంటుంది. పరిగణించవచ్చు, అంతే. తీర్పు బరువు వాళ్ల భుజాన వేయమనలేదు.

నేర్పించిన మాటల్ని పట్టుకోవడం కూడా అలవాటు చేసుకోండి. ఎనిమిదేళ్ల పాప "నాన్న మెయింటెనెన్స్ ఎగ్గొడుతున్నాడు" అంది. కాసేపాగి అడిగితే అక్షరం మారకుండా అదే వాక్యం. ఇక ఆ ఊసెత్తకుండా సెలవుల గురించి అడిగాను. సాయంత్రాలు నాన్న స్కూటర్ మీద పునుగుల బండి దగ్గరికి తీసుకెళ్లేవాడని గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఈ మాటలు పాపవి. మొదటివి పెద్దవాళ్లవి.

అన్నట్టు, డబ్బు కట్టలేదని బిడ్డను చూపించకపోవడం, చూపించలేదని డబ్బు ఆపడం రోజూ చూస్తారు. భరణానికి వేరే పిటిషన్ ఉంది. బిడ్డను తాకట్టు పెట్టొద్దని మొహమాటం లేకుండా చెప్పండి.

విజిటేషన్ ఆర్డర్లు ఎక్కువగా చెడేది అప్పగింత దగ్గర. ఒక ఆర్డర్లో "ప్రతి ఆదివారం" అని మాత్రమే ఉంది. తండ్రి తొమ్మిదికి వచ్చేవాడు, తల్లి పదకొండు అనుకునేది. వీధిలో కేకలు, అమ్మమ్మ తలుపు వేసేయడం. పిల్లవాడికి ఆదివారం వస్తే చాలు కడుపునొప్పి. మేడం నన్నే పరిష్కారం వెతకమన్నారు. అప్పగింతను బడికి మార్చాం. శనివారం బడి వదిలాక తండ్రి తీసుకెళ్తాడు, సోమవారం పొద్దున బడిలోనే దింపుతాడు. తల్లీ తండ్రీ ఎదురుపడే పనే లేదు. హెడ్మిస్ట్రెస్ ఇద్దరి ఫోన్ నంబర్లూ రాసుకున్నారు, ప్రోగ్రెస్ కార్డు ఇద్దరికీ చూపిస్తామన్నారు. కడుపునొప్పి తగ్గిందని కొన్నాళ్లకు తల్లే వచ్చి చెప్పింది. ఈ వృత్తిలో నా తొలి గెలుపు అది. అందులో ఆ హెడ్మిస్ట్రెస్‌కూ సగం వాటా ఉంది.

పండగల్ని "చెరి సగం" అని వదిలేయకండి. భోగి ఎవరింట్లో, కనుమ ఎవరింట్లో, చిన్నపిల్లలైతే భోగిపళ్లు ఎవరు పోస్తారు, మరుసటి ఏడాది ఎలా మారుతుంది, అన్నీ రాయించండి. ఫోన్ సంగతీ అంతే. వేరుగా ఉంటున్న తల్లిగానీ తండ్రిగానీ బిడ్డతో రోజూ ఐదు పది నిమిషాలు మాట్లాడే వీలుండాలని 2020లో యశిత సాహు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పది నిమిషాలకు ఒక వేళ పెట్టండి. ఫోన్ బిడ్డ చేతిలో ఉండాలి, స్పీకర్ ఆపి ఉండాలి.

పరస్పర అంగీకారంతో విడాకులు కోరుతూ వచ్చే 13-బి కేసుల్లో రెండు మోషన్ల మధ్య ఆరు నెలల గడువు ఉంటుంది. తగిన కేసుల్లో దాన్ని మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు అంది. గడువు నడిచే కేసుల్లో మాత్రం ఆ నెలల్ని వృథా పోనివ్వకండి. రాసుకున్న ఏర్పాటును అప్పుడే అమలు చేయించి చూడండి. ఎక్కడ బిగుసుకుంటుందో రెండో మోషన్‌కు ముందే తెలిసిపోతుంది, సవరించవచ్చు.

దెబ్బల చరిత్ర ఉన్న ఇల్లయితే ఈ పద్ధతులు పనికిరావు. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టకండి. బిడ్డను కలవడం కోర్టు ఆవరణలోనే, ఒకరి పర్యవేక్షణలోనే జరగాలని రిపోర్టులో స్పష్టంగా రాయండి.

మిగతా కుటుంబాల్లో విడిపోతున్న సంగతి బిడ్డకు ఇద్దరూ కలిసే చెప్పాలి. తప్పు నీది కాదు, మేమిద్దరం నీకు అమ్మానాన్నలమే, నీ బడి మారదు. ఆ చివరి మాట నిజమైతేనే చెప్పించండి. నిలబెట్టుకోలేని హామీ ఇస్తే, మిగతా రెండు మాటలనూ బిడ్డ నమ్మదు.

సంతకాలకు ముందు ఒప్పందాన్ని బిడ్డ తరఫున ఒకసారి చదవండి. ఆదివారం పొద్దున నేనెక్కడ నిద్ర లేస్తాను? నన్నెవరు తీసుకెళ్తారు? జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేస్తారు? నా పుట్టినరోజుకు ఎవరుంటారు? వీటిలో ఒక్కదానికి జవాబు దొరక్కపోయినా పెన్ను మూత పెట్టి, ఇద్దర్నీ మళ్లీ కూర్చోబెట్టండి. ఇంకో వాయిదా పడినా ఫర్వాలేదు.