సాల్వదోర్‌లో అలసంద వడ

బ్రెజిల్ అనగానే చాలామందికి రియో పట్టణమే జ్ఞాపకం వస్తుంది. కాని 1549లో స్థాపించబడి, 1763 వరకు రాజధానిగా ఉన్నది సాల్వదోర్. రేవు దగ్గరి దిగువ పట్టణం నుండి కొండమీది పాత పట్టణానికి మేము లాసెర్దా లిఫ్టులో వెళ్లాము. 1873లో మొదలైన ఆ లిఫ్టు ఎత్తు 72 మీటర్లు.

పైనున్న పెలోరీన్యో పేట రంగురంగుల ఇండ్లతో కన్నుల పండుగే. ఆ పేరుకు అర్థం మాత్రం కొరడా దెబ్బల స్తంభం! బ్రెజిల్‌లో 1888 వరకు బానిసత్వం సాగింది. ఇక్కడ అందరూ చెప్పేది బంగారు రేకులు తాపిన సాన్ ఫ్రాన్సిస్కో దేవాలయం గురించే. 2025 ఫిబ్రవరిలో దాని లోకప్పు కూలి ఒక యాత్రికురాలు మరణించింది. మా మనస్సుకు హత్తుకున్నది మాత్రం వాలు వీధిలోని నీలిరంగు రోజారియో దేవాలయం. నల్లవారు యజమానుల చాకిరీ ముగించుకొని, మిగిలిన వేళల్లో దానిని కట్టుకున్నారు. వెనుక పెరట్లో బానిసల సమాధులున్నాయి. అక్కడ మాకు మాట రాలేదు.

ఆకలైతే హోటలు వెదకనక్కరలేదు. తెల్లని దుస్తులు, తలపాగా ధరించిన స్త్రీలు వీధి మూలల్లో అకరజే వేస్తుంటారు. అలసందలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉల్లిపాయ కలిపి ఎర్రని పామాయిల్‌లో వేయిస్తారు. మన అలసంద వడే గదా! అయితే దానిని చీల్చి ఎండు రొయ్యలు పెడతారు. పూర్వం బానిస స్త్రీలు ఇలా వీధుల్లో తినుబండారాలమ్మి, యజమానికి కట్టగా మిగిలినది కూడబెట్టేవారు. దానితో విడుదల కొనుక్కున్నవారూ ఉన్నారు.

“వేడిగానా?” అని అడిగితే కారం వేయమంటారా అని అర్థం. వేడిగానే ఇమ్మన్నాము.