చెరువుగట్టున ఒక రాత్రి

మొన్న దసరా సెలవులకు కూతురు, అల్లుడు, పిల్లలతో కలిసి ములుగు జిల్లా లక్నవరం వెళ్లాం. కాకతీయుల నాటి చెరువు, చుట్టూ గుట్టలు, అడవి, ఒడ్డున గుడారాలు. టి.వి. గోల లేదు. పట్నంలో పదకొండయితే గాని కన్నుమూయని మనవడు ఎనిమిదింటికే ఆవలించాడు. ఇలాంటి చోటు నిద్రకు మందే, కాదనను.

చిక్కల్లా పడక దగ్గర వచ్చింది. గుడారంలో ఉక్కగా ఉంది, బయట వెన్నెల్లో చాపలు పరుచుకుందాం అంది అమ్మాయి. నేను ససేమిరా అన్నాను. "మీకన్నీ భయాలే నాన్నా!" అని నొచ్చుకుంది. అప్పుడు చెప్పాను పాతికేళ్లనాటి సంగతి.

అడవి అంచున ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్న రోజులవి. తెల్లవారుజామున ఎనిమిదేళ్ల కుర్రవాణ్ణి తీసుకొచ్చారు. కడుపునొప్పి, రెండు వాంతులు. రాత్రి పెళ్లిభోజనం తిన్నాడన్నారు. అజీర్తి అనుకుని సూది వేసి పడుకోబెట్టాను. గంట గడిచాక వాడి నాయనమ్మ వచ్చి, "సారూ, పిల్లగాడు కండ్లు తెరుస్తలేడు, మాట ముద్దగ వస్తాంది" అంది. చూస్తే రెప్పలు వాలిపోతున్నాయి. రాత్రి ఎక్కడ పడుకున్నాడని అప్పుడడిగాను. మొదటే అడగవలసిన ప్రశ్న అది. నేలమీదట. ఒంటిమీద గాటు కనబడలేదు. కట్లపాము! ఉన్న విరుగుడు మందంతా ఎక్కించి, అంబూ బ్యాగు నొక్కి ఊపిరి అందిస్తూ జీపులో పెద్దాసుపత్రికి చేర్చాం. వాడు బతికాడు. కనిపెట్టింది మాత్రం నాయనమ్మ, నేను కాదు.

కట్లపాము రాత్రిళ్లు తిరుగుతుంది, నిద్రలో ఉన్నవారిని కరుస్తుంది. నొప్పీ వాపూ ఉండకపోవచ్చు. కడుపునొప్పితో మొదలై, రెప్పలు వాలి, మింగుడు పడక, చివరకు ఊపిరి ఆగుతుంది. కాబట్టి అడవి దగ్గర నేలపడక వద్దు. మడతమంచం వేసుకుని, దోమతెర అంచులు పక్క కిందికి దోపండి. అది మలేరియా దోమనే కాదు, పామునూ ఆపుతుంది. అన్నం మెతుకులు చుట్టూ పారేయకండి. వాటికి ఎలుకలు, ఎలుకలకు పాములు వస్తాయి.

కాటు పడిందన్న అనుమానం కలిగితే తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, పసర్లు పోయడం ఏవీ చేయకండి. కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా తీసుకుపోవాలి. 108కి ఫోను చేయండి. పామును చంపి తేనక్కర్లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ మన దగ్గర మందు ఒకటే. పిల్లలకు మోతాదు తగ్గించరు. చిన్నపిల్లవాడని పాము విషం తగ్గించి ఎక్కించదు కదా! ఆ మందున్న ఆసుపత్రి ఎంత దూరమో బయల్దేరకముందే కనుక్కోండి. చెరువు దగ్గర ఫోను అందుతుందన్న నమ్మకం లేదు.

అమ్మాయి మారు మాట్లాడకుండా చాపలు చుట్టేసింది. అర్ధరాత్రి మనవడు "తాతయ్యా, ఒకటికి వస్తోంది" అని లేపాడు. నేను టార్చికోసం తడుముకుంటుంటే వాడప్పుడే బూట్లు తలకిందులు చేసి దులుపుతున్నాడు.