మత్తడి దుంకే చోటు

ఏప్రిల్ 21, 2024
వరంగల్ దగ్గర మా ఊరు. చెరువు ఎండి నెర్రెలు బాసింది. పూడిక మట్టిని ట్రాక్టర్లలో చెలకలకు తోలుతున్నారు. చిన్నాయన పిడికెడు మట్టి నలిపి చూపించాడు. "యూరియా ఎన్ని సంచులేసినా గీ బలం రాదు బిడ్డా." వాన కడిగి తెచ్చిన మట్టి మళ్ళీ చెలకకే చేరుతోంది.

ఏప్రిల్ 23
పొద్దున్నే కట్ట మీద నడిచాను. కట్ట నీళ్ళను ఆపుతుంది. తూము పొలానికి పారిస్తుంది. చెరువు నిండితే, మిగిలిన నీళ్ళు మత్తడి దుంకి కింది చెరువుకు పోతాయి. అదీ నిండితే దాని కిందిదానికి. గొలుసుకట్టు అంటే ఇదే: తనకు చాలినంత ఉంచుకొని, మిగతాది కింది ఊరికి వదలడం. కాకతీయుల నాటి రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల కింద ఇప్పటికీ వరి పండుతోంది.

జూలై 28
హైదరాబాద్‌లో బోనాలు. లోయర్ ట్యాంక్‌బండ్ కట్టమైసమ్మ గుడికి వెళ్ళాను. కట్ట తెగకుండా కాచే తల్లి ఆమె. ఆమె కాచే హుస్సేన్‌సాగర్ కట్ట 1562 నాటిది. కట్టను కనిపెట్టుకొని ఉండమని జనం ఒక దేవతను కూడా నిలుపుకున్నారు.

ఆగస్టు 20
తెల్లవారుజామున కుండపోత. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్ళు. వాచ్‌మన్, అతని భార్య, ఇద్దరు పిల్లలు బియ్యం డబ్బాతో మెట్ల మీద కూర్చున్నారు. ఇక్కడే పుట్టి పెరిగిన పక్క వీధి తాత వచ్చి చూశాడు. "ఇది కుంట సారూ. మీ గేటు కాడ్నే మత్తడి దుంకేది." లోపలికి వచ్చి ఫ్లాటు కాగితాలు తీశాను. సర్వే నంబరుంది. కుంట మాట ఎక్కడా లేదు.

సెప్టెంబర్ 28
1908లో ఇదే రోజు మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఇవాళ వెళ్ళి ఆ మాను మీద చెయ్యి వేసి వచ్చాను. ఆ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. నీళ్ళను నగరానికి పైనే ఆపాలన్నాడాయన. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అంత దుఃఖంలోనూ ఆనాటివాళ్ళు నీళ్ళకు చోటు వెతికారు.

అక్టోబర్ 10
సద్దుల బతుకమ్మకు మళ్ళీ ఊరొచ్చాను. చెరువు నిండి మత్తడి దుంకుతోంది. తంగేడు, గునుగు, బంతి పూలు నీళ్ళ మీద తేలుతూ దూరమవుతున్నాయి. ఏప్రిల్‌లో మట్టి తోలిన చెలకలో పత్తి నడుమెత్తు దాటింది.

ఇల్లు కొనబోయేవాళ్ళకు ఒక్క మాట. కాగితాలు చూసుకోవడంతో ఆగకండి. ఆ వీధిలో ముసలివాళ్ళుంటారు. మత్తడి ఎక్కడ దుంకేదో వాళ్ళనడగండి. నేను అడగలేదు.