కొండకు పట్టా రాయించే పని

జీపీఎస్ సంగతి తర్వాత. ముందు ఊళ్లో అడవి దుంపలు తవ్వే ముసలమ్మ ఎవరో కనుక్కో. ఫారం-సి ఫైలుకు పునాది ఆవిడే. పొలిమేర ఏదని మగవాళ్లను అడిగితే చెయ్యి చాపి "అదిగో, ఆ గట్టు దాకా" అంటారు. ఆవిడ అలా అనదు. అడ్డాకులకు ఎంతదూరం పోతారో, చీపుర్లకు ఏ వాలు ఎక్కుతారో, అవతలి ఊరి ఆడవాళ్లు ఎక్కడ ఎదురుపడతారో చెబుతుంది. ఆ ఎదురుపడే చోటే హద్దు.

పాడేరు ఏజెన్సీలో ఏళ్ల తరబడి నేను చేస్తున్నది ఇదే. ఫారం-ఏ పోడు పట్టాకు, ఏ కుటుంబానిది ఆ కుటుంబానికే. దానికి ఎవరూ పిలవక్కర్లేదు, జనమే పరిగెత్తుకొస్తారు. ఫారం-సి ఊరందరిదీ. తరతరాలుగా వాడుకుంటున్న అడవిని కాపాడుకుని, పెంచుకుని, తామే చూసుకునే హక్కు. 2006 అటవీ హక్కుల చట్టంలోనే ఉన్నా, దానికంటూ వేరే ఫారం వచ్చింది 2012 సవరణతో. మొదటి మీటింగులో ఎవరో ఒకరు లేచి, "అందరిదీ అంటే ఎవరిదీ కాదు గదా బాబూ" అంటారు. వాదనకు దిగకు. పోయినేడు చీపుర్లు ఎవరికి అమ్మారు, ధర ఎవరు చెప్పారు అని అడుగు. అక్కణ్నుంచి మీటింగు వాళ్లే నడుపుకుంటారు.

గ్రామసభ అంటే పంచాయతీ ఆఫీసు వరండా కాదు. షెడ్యూల్డు ప్రాంతంలో గూడేనికి గూడెం విడిగా సభ పెట్టుకోవచ్చు. హాజరు సభ్యుల్లో సగానికి తగ్గకూడదు, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. సంత రోజు పెట్టావా, నువ్వూ మినిట్స్ పుస్తకమూ మిగులుతారు. ఇటుకల పండగ రోజుల్లో ఆ ఊసే ఎత్తకు, మగవాళ్లంతా వేటలో ఉంటారు.

నాకు హద్దు నడక నేర్పింది ఒక రిటైర్డు సర్వేయరు గారు. గొలుసు పట్టి కొలిచిన కాలం మనిషి. ఊరి అడవి ఎప్పుడూ కుడిచేతి వైపే ఉండేలా తిరగమనేవారు. అలసిపోయి దారి తప్పినా లోపలేదో బయటేదో తికమక ఉండదు. మలుపు వచ్చిన చోటల్లా మూడు పనులు: పాయింటు తీసుకో, ఫొటో తియ్యి, ఆ చోటుకు ఊరివాళ్లు పెట్టుకున్న పేరు రాసుకో. కుర్రాళ్లు మూడోది వదిలేస్తారు. ఆఫీసులో మ్యాపు పరిచి "ఇదెక్కడ?" అన్నప్పుడు అక్షాంశం ఎవరికీ గుర్తుండదు. ఆ పేరు చెబితే ఊరిపెద్ద కళ్లు మూసుకుని దారి చెబుతాడు.

నడకకు ముందు అటవీ, రెవెన్యూ శాఖలకు నోటీసివ్వు. ఇచ్చిన కాపీ మీద ముద్ర వేయించుకోకుండా ఆఫీసు గడప దాటకు. ఒకసారి సబ్‌డివిజన్ కమిటీలో "మావాళ్లు లేకుండా కొలిచారు, చెల్లదు" అన్నారు. అటవీ హక్కుల కమిటీ కార్యదర్శి పదో తరగతి చదివిన అమ్మాయి. మారుమాట లేకుండా ప్లాస్టిక్ కవరు విప్పి, తారీఖుతో సహా ముద్ర ఉన్న కాపీ బల్ల మీద పెట్టింది. పిలిచినా రానివాళ్లు తర్వాత ఆ వంకతో అడ్డుచెబితే, మళ్లీ తనిఖీకి గ్రామసభకే పంపాలని, రెండోసారీ రాకపోతే సభ తేల్చిందే ఖాయమని నిబంధనల్లోనే ఉంది. శాటిలైటు బొమ్మ ఒక్కటే చూపించి కాదనడానికీ లేదు. పెద్దల వాంగ్మూలం, శ్మశానం, దేవత కొలువున్న చెట్టు, పాత ఊరి గోడలు, ఇవన్నీ సాక్ష్యాలే. ఒకటికి మించి చూపాలి, అంతే.

అసలు కష్టం ఆఫీసుతో కాదు, పక్క ఊరితో. ఒక గెడ్డ దగ్గర వెదురు పొదలు రెండు ఊళ్లవాళ్లూ మావంటే మావన్నారు. ఇలాంటప్పుడు రెండు కమిటీలూ కలిసి కూర్చుని తేల్చుకోవాలి, తేలకపోతేనే పైకి పంపాలి. పైకి పోతే అది ఫైలైపోతుంది. చెరో పెద్దమనిషిని వెంటబెట్టుకుని గెడ్డ పొడుగునా నడిచాం. చివరికి తేలింది, పోట్లాట వెదురు గురించి కాదు, ఆ పొదల మధ్యనుంచి పోయే పశువుల బాట గురించి. గెడ్డే హద్దని, బాట ఇద్దరిదీ అని తీర్మానం రాశాం. రెండు పుస్తకాల్లోనూ అదే మాట, అక్షరం తేడా లేకుండా.

హక్కు పత్రం చేతికొచ్చిన రోజు డప్పులు కొడతారు. నువ్వు మాత్రం ఓ మూల కూర్చుని పేరు చదువు. ఉమ్మడి రాష్ట్రంలో మొదట్లో చాలా సామూహిక పత్రాలు అటవీ శాఖ పెట్టించిన వన సంరక్షణ సమితుల పేరిట ఇచ్చారు. చట్టం హక్కు ఇచ్చింది గ్రామసభకు. ఆ తర్వాత కంపార్ట్‌మెంటు నంబర్లు, హద్దులు, విస్తీర్ణం సరిచూడు. తగ్గించి ఇస్తే కారణం రాతలో అడుగు.

ఈ హక్కు అమ్మడానికి లేదు, తాకట్టు పెట్టడానికి లేదు. అది లోటని కొందరంటారు. అప్పులవాడి కన్ను పడకుండా ఉన్నది అందుకేనని నేనంటాను. ఇక లాభం అంటావా, మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న గడ్చిరోలి జిల్లాకు వెళ్లి చూడు. మెండా లేఖా అనే చిన్న ఊరు 2009లో సుమారు 1,800 హెక్టార్ల మీద హక్కు తెచ్చుకుంది. 2011లో కేంద్రమంత్రి జైరాం రమేశ్ వచ్చాక వెదురు రవాణా పాసులు రాసే అధికారం గ్రామసభ చేతికొచ్చింది. కొట్టిన కూలీ ఇంటింటికీ, అమ్మగా మిగిలింది ఊరి ఖాతాకు. మావైపు గూడేల్లో అంత సొమ్ము కనబడదు. కానీ గిరిజన సహకార సంస్థ ధరనూ, సంతలో షావుకారు చెప్పే ధరనూ పక్కపక్కన పెట్టి సభలో చదివే అలవాటు వచ్చింది. నాకది తక్కువగా తోచదు.

2013లో ఒడిశాలో నియమగిరి బాక్సైటు మీద సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. పన్నెండు సభలూ వద్దన్నాయి. మన కొండల్లోనూ బాక్సైటుంది, రేపు మన సభలనూ అడగవచ్చు. అందుకే మినిట్స్ పుస్తకంలో ఖాళీ గీతలు వదలకు. సంతకాల కింద అడ్డగీత కొట్టు, వేలిముద్ర పక్కన పేరు రాయించు.

వచ్చే వారం పక్క గూడెంలో హద్దు నడక. చెప్పులతో రాకు. పుస్తకం మోసేది నువ్వే.