అనంతపురమునుండి సముద్రమునకు

"రెండేండ్ల బిడ్డతో సముద్రమునకా? అదియు బడిపంతులు జీతముతోనా?" అని మా యిరుగుపొరుగువారు ముక్కున వ్రేలిడుకొనిరి. వారి మాట అసంగతమని చెప్పజాలము. అయినను పోయి వచ్చితిమి. పోదలచినవారికి పనికివచ్చునని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా సీమ సంగతి మీకు తెలియనిది కాదు. నైరృతి మేఘములను పడమటి కనుమలు పట్టుకొనును. ఈశాన్యపు మేఘములు తూర్పు సముద్రమునుండి మా దాక వచ్చుసరికి వట్టిపోయిన యావులవలె నుండును. ఏడాదికి కురియవలసినది సుమారు 550 మిల్లీమీటర్లు. అదియైనను అన్ని యేండ్లును కురియదు. వేసవిలో బోరు ఎండగానే ట్యాంకరు నీళ్లు కొనుట మా యింటి యాచారము. అందుకై నెలనెలా కొంత పైకమును అత్తగారు పసుపు గుడ్డలో ముడివేసి బియ్యపు డబ్బాలో దాతురు. గడచిన వేసవిలో దైవానుగ్రహమున బోరు ఎండలేదు. ముడిలో 7,000 రూపాయలు మిగిలెను.

ఆ సొమ్ముతో బిడ్డకు సముద్రము చూపుదమని మేమనగానే అత్తగారు, "తాగే నీళ్లకు దాచిన దుడ్లు తాగరాని నీళ్లు సూసేకి పెడ్తారా?" అనిరి. ఆ ప్రశ్నకు మాకు ప్రత్యుత్తరము దొరకలేదు. రెండు దినములు ఇంట మాటలు లేవు. మూడవనాడు మావారు మెల్లగా మాఘస్నానపు ప్రస్తావన తెచ్చిరి. మా అత్తగారు పుట్టి బుద్ధెరిగిన పిదప సముద్రము చూచియుండలేదు. ఆ రాత్రి ముడి తామే తెచ్చి మా చేతికిచ్చిరి.

చెన్నపట్టణము, విశాఖపట్టణము గొప్పవే. కాని అచ్చట బసకే మా ముడి చాలదు. బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరమున నున్న సూర్యలంక నిశ్చయించుకొంటిమి. కాలనిర్ణయమున తొందర కూడదు. కార్తికమున అచ్చట స్నానములకై జనము క్రిక్కిరియును. పైగా అది తుపానుల కాలము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి వేలకొలది ప్రాణములను గొన్న ఉప్పెన యీ తీరముననే గదా! వేసవి బిడ్డకు పనికిరాదు. మాఘమాసమే మేలని, పున్నమి రద్దీ తప్పించి, రెండు సెలవులకు మావారు మరి రెండు దినముల సెలవు చేర్చిరి. రైలు టిక్కెట్లు 60 దినముల ముందునుండి ఇత్తురు. 2024 నవంబరునకు ముందు 120 దినముల గడువుండెడిది. అయిదేండ్లు నిండని బిడ్డకు ప్రత్యేకముగా బెర్తు కోరనిచో టిక్కెట్టు లేదు. క్రింది బెర్తు అత్తగారికి దొరకెను. బిడ్డకు పాతచీరతో ఉయ్యాల కట్టితిమి.

మూట సంగతి ఆడువారికి ముఖ్యము గనుక చెప్పెదము. రాగిపిండి, బొరుగులు, బెల్లము, వేరుసెనగపొడి తీసికొంటిమి. వేరుసెనగ గింజలు మాత్రము పసివానికి పెట్టరాదు, గొంతున అడ్డుపడును. కాచి చల్లార్చిన నీళ్లు, ఉప్పుచక్కెర పొట్లములు రెండు, నూలుబట్టలు, కొబ్బరినూనె, వాడు నిత్యము ఆడుకొను ఇత్తడి చెంబు. ఆ చెంబు లేనిదే వాడు నిద్రపోడు.

సాయంకాలమెక్కిన బండి నంద్యాల దాటి నల్లమలను చీకటిలోనే గడచి తెల్లవారకమునుపే గుంటూరు చేర్చెను. వెలుగు వచ్చువరకు స్టేషనులో కూర్చుండి, పొన్నూరు మీదుగా బస్సులో బాపట్ల పోయితిమి. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఛార్జీ లేదు. ఆధారుకార్డు చూపిన చాలును. మావారొక్కరే డబ్బిచ్చిరి. ఆ సంగతిని అత్తగారు దారిపొడుగునా ఆనందముతో జ్ఞాపకము చేయుచుండిరి.

సముద్రపుటొడ్డున కాక, ఊరిలోనే భావనారాయణస్వామి కోవెలకు చేరువలో బస చేసితిమి. వెల సగము. వేడినీళ్లు గలవని చెప్పిరి గాని లేవు. బిడ్డకొరకు టీ అంగడిలో అడిగి తెచ్చుకొంటిమి.

మొదటి సాయంకాలము వ్యర్థమయ్యెను. సరుగుడు తోటలు దాటి ఇసుకలో కాలిడగానే ఆ ఘోషకు బిడ్డ బెదరి మా మెడ కరచుకొని, చీకటిపడువరకు ఏడ్చెను. ఇంత సొమ్ము దీనికొరకా యని మా మనసు చివుక్కుమనెను. అత్తగారేమియు ననలేదు, అది మరింత బాధించెను.

మరునాడు ఎండ రాకమునుపే పోయి, అలలకు దూరముగా ఊరక కూర్చుంటిమి. పసివారిని నీటికి తొందరపెట్టరాదు; మొదటినాడు మేము చేసిన తప్పదియే. నీటికడకు పోవునపుడు మణికట్టు విడువరాదు. ఆ అలలు చూచుటకు సౌమ్యముగా నుండును గాని, యీత వచ్చిన యువకులను సైతము లోనికి లాగికొనిపోయిన దినములు గలవు. జనవరి మొదలు మార్చి దాక అచ్చట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గ్రుడ్లు పెట్టును. అటవీశాఖవారు వానిని కంచెలో కాపాడి, పొదిగిన పిల్లలను సముద్రమున విడుతురు. ఆ కంచె వైపు చూచుచు చూచుచు బిడ్డ భయము మరచెను.

మావారు చేయి పట్టుకొని నడిపింపగా వాడు తడియిసుకకు పోయి, అల వచ్చినపుడు చెంబు ముంచెను. నిండిన చెంబును రెండు చేతుల పట్టుకొని, ఒక్క చుక్కయు తొణకకుండ, చీమవలె అడుగులిడుచు అవ్వకడకు తెచ్చెను. మా యింట నీళ్లు ఒలికించినచో దెబ్బపడునని వానికి తెలియును. అగస్త్యుడు సముద్రమును పుక్కిలించెనని వినియుంటిమి గాని, దానిని చెంబుడు చెంబుడుగా పొదుపు చేయువానిని చూచుట అదే మొదలు. అత్తగారు ఆ నీళ్లను పుచ్చుకొని శిరమున చల్లుకొని, "పారబొయ్‌రా నాయనా, ఈడ ఎవురూ ఏమనరు" అనిరి. వాడు మా మొగము చూచెను. మేము తల యూపితిమి. అటుపిమ్మట ఎండ ముదురువరకు ముంచుటయు పారబోయుటయు తప్ప వానికి వేరు పని లేదు. చిన్నతనమున దెబ్బలు తిన్నవారమే గనుక మేమును రెండు చెంబులు పారబోసితిమి.

ఉప్పునీటి స్నానమైన వెంటనే మంచినీళ్లతో బిడ్డను కడిగి నూనె రాయవలెను. లేనిచో దద్దురులు లేచును. ఒక పూట సముద్రము, ఒక పూట నిద్ర. ఇతర దర్శనీయములు మేము పెట్టుకొనలేదు.

తిరిగివచ్చి లెక్క చూడగా 6,400 రూపాయలు ఖర్చయ్యెను. మిగిలిన 600 అత్తగారు మరల పసుపు గుడ్డలో ముడివేసి బియ్యపు డబ్బాలో నుంచిరి. చైత్రము రాకమునుపే బోరు గురగురలాడుచున్నది. మొదటి ట్యాంకరునకు చీటి వ్రాయించితిమి.