చిలక తోక

పిల్లలూ, కాగితం మీద పెన్సిలు గీత తప్పు పడితే రబ్బరుతో చెరిపేస్తాం. అదే గీత గుడ్డ మీద పడితే ఏం చెయ్యాలి? "ఉతికితే పోతుంది," అంటారు చాలామంది. నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకోబట్టే, పదేళ్ళ వయసులో మా అమ్మకు ఒక రూపాయి నష్టం తెచ్చాను. ఆ రోజుల్లో మా ఇంట్లో రూపాయంటే చిన్న సంగతి కాదు.

అది 1971 వేసవి. మేము తెనాలి దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్ళం. నాన్న సంపాదన చాలక అమ్మ కుట్టుపని చేసేది. ఆ ఏడు మా వీధి చివరింట్లో పెళ్ళి కుదిరింది. ఆ ఇంటావిడ ఆరు దిండుగలీబులు ఇచ్చి, ఒక్కొక్కదాని మీద చిలకల జంట కుట్టమన్నది. గలీబుకు రెండు రూపాయల చొప్పున పన్నెండు రూపాయలు. వాటితో నాకు ఆరో తరగతి పుస్తకాలు కొనాలని అమ్మ అనుకున్నది.

అమ్మ బొమ్మ వేసే పద్ధతి చూడటానికి సరదాగా ఉండేది. పల్చటి కాగితం మీద చిలకను గీసి, ఆ గీత వెంబడే సూదితో బెజ్జాలు పొడిచేది. ఆ కాగితాన్ని గుడ్డ మీద పరిచి, నీలిమందు కలిపిన కిరసనాయిలులో దూది ముంచి, పైన అద్దేది. కాగితం ఎత్తేసరికి గుడ్డ మీద నీలి చుక్కలతో చిలక ప్రత్యక్షమయేది. పని పూర్తి అయాక ఉతికితే ఆ చుక్కలు పోయేవి.

ఒక మధ్యాహ్నం అమ్మ బావికి వెళ్ళింది. ఒక గలీబు మీద చిలక తోక దగ్గర చుక్కలు సరిగా పడలేదు. అమ్మకు సాయం చేద్దామని నేను డ్రాయింగు పెన్సిలు తెచ్చి తోక గీశాను. అది చిలక తోకలాగా లేదు, చీపురుకట్టలాగా ఉంది! భయం వేసి, బొటనవేలు తడి చేసుకుని గట్టిగా రుద్దాను. నల్లటి గీత కాస్తా బూడిదరంగు మరక అయింది. పెన్సిలు చివర ఉన్న ఎర్ర రబ్బరుతో రుద్దాను. మరకకు ఎర్రజీర కూడా తోడయింది. ఇంతలో అమ్మ వస్తున్న అలికిడి అయింది. గలీబు మడిచి అన్నిటికన్న అడుగున పెట్టేశాను.

రాత్రి దీపం దగ్గర అమ్మ ఆ గలీబు తీసింది.

"ఇదేమిట్రా, ఈ చిలక పొగగొట్టంలో దూరి వచ్చిందా?" అన్నది.

"నాకేం తెలుసు?" అన్నాను.

అమ్మ నా మొహంకేసి చూడలేదు. నా చేతులకేసి చూసింది. తరవాత ఇంకేమీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె ఆ మరకతో కుస్తీ ప్రారంభించింది. ముందు పక్కింటి నుంచి మెత్తటి తెల్ల రబ్బరు అడిగి తెచ్చి, గుడ్డను బిగలాగి పట్టుకుని, దారం పోయే దిక్కునే మెల్లిగా తుడిచింది. తరవాత మరక కింద నాలుగు మడతలు వేసిన పాతగుడ్డ పెట్టి, గలీబును తిరగేసి, వెనకవైపు నుంచి సబ్బునురగ వేలితో అద్దింది. కింది గుడ్డకు నలుపు అంటినప్పుడల్లా మడత మార్చింది. ఆ పనితోనే మధ్యాహ్నమయింది. మరక చాలావరకు పోయింది కాని, పొగచారలాంటిది కొంచెం మిగిలిపోయింది. అమ్మ ఆ చార మీదుగా పచ్చదారంతో కాడకుట్టు వేసి, చిలక తోకను రెండంగుళాలు పొడిగించింది.

గలీబులు ఇవ్వటానికి వెళ్ళినప్పుడు నేనూ వెంట ఉన్నాను. అమ్మ ఆ గలీబును మిగతావాటిలో కలపకుండా విడిగా తీసి చూపించి, "పిన్నిగారూ, దీనిమీద మావాడు పెన్సిలుతో గీశాడు. అంతా పోలేదు. తోక పెంచి కప్పాను. దీనికి మీకు తోచినంత ఇవ్వండి," అన్నది.

నా గుండె ఆగినంత పని అయింది. ఆవిడ గలీబును వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, ఒక రూపాయి తగ్గించి పదకొండు రూపాయలు ఇచ్చింది. అమ్మ మారుమాట్లాడకుండా పుచ్చుకున్నది.

దారిలో నాకు ఏడుపు వచ్చింది. "నేనే గీశానని నీకెలా తెలిసిందమ్మా?" అన్నాను.

"ఆ రాత్రే నీ బొటనవేలు చెప్పింది. నువ్వు చెబుతావేమోనని చూశాను. తడి చెయ్యకముందే చెప్పి ఉంటే రబ్బరుతోనే పోయేది కదరా," అన్నది అమ్మ.

తడి చెయ్యకముందుకూ, చేసిన తరవాతకూ అంత తేడా ఎందుకు? ఇది నాకు చాలా ఏళ్ళకు గాని అర్థం కాలేదు. మీకు ఇప్పుడే చెబుతాను.

పెన్సిలులోని నల్లపుల్లను కొందరు సీసం అంటారు. అందులో సీసం ఏమీ లేదు. అది గ్రాఫైటు అనే పదార్థమూ, బంకమన్నూ కలిపి కాల్చి చేసినది. ఈ పద్ధతిని 1795లో ఫ్రాన్సులో కోంటే అనే ఆయన కనిపెట్టాడు. మన్ను ఎక్కువైతే పుల్ల గట్టిపడి గీత పల్చగా పడుతుంది. అటువంటి పెన్సిలు మీద 'హెచ్' అని ఉంటుంది. గ్రాఫైటు ఎక్కువైతే గీత మెత్తగా, నల్లగా పడుతుంది. దాని మీద 'బి' అని ఉంటుంది. నేను ఆనాడు వాడింది ఈ రెండో రకం.

గ్రాఫైటు కూడా వజ్రంలాగే శుద్ధమైన కర్బనం. అయితే గ్రాఫైటులో కర్బనం పొరలు పొరలుగా ఉంటుంది. రాసేటప్పుడు ఆ పొరలు జారి ఊడి వస్తాయి. అవే గీత. ఈ పొడి నీళ్ళలో కరగదు, కిరసనాయిలులో కరగదు, స్పిరిటులోనూ కరగదు. అది రంగు కాదు గనక బ్లీచింగు పౌడరుకు కూడా లొంగదు. గుడ్డ పాడవుతుందిగాని గీత పోదు. కాబట్టి పెన్సిలు గీతను కరిగించాలని చూడటం దండగ. ఆ పొడిని గుడ్డలోనుంచి పైకి లేపటమొక్కటే మార్గం.

నూలుదారాన్ని భూతద్దంలో చూస్తే సన్నని పోగులు పేనిన తాడులాగా కనిపిస్తుంది. పొడి పైపైన ఉన్నంతసేపూ రబ్బరుకు అంటుకుని వచ్చేస్తుంది. తడివేలితో రుద్దితే అది పోగుల సందుల్లోకి దూరుతుంది. వేడి ఇస్త్రీపెట్టె పెడితే ఇంకా లోపలికి అణిగిపోతుంది. అప్పుడిక సబ్బే దిక్కు. సబ్బు ఆ రేణువుల చుట్టూ చేరి, వాటిని నీళ్ళలో తేలేటట్టు చేసి, మళ్ళీ గుడ్డకు అంటుకోకుండా పట్టి ఉంచుతుంది.

ఇది మీరే చూడవచ్చు. పెన్సిలు మొనను గరుకు కాగితం మీద అరగదీసి, ఆ పొడిని గ్లాసెడు నీళ్ళ మీద చల్లండి. చాలావరకు పైన తెట్టులాగా తేలుతుంది. ఒక చుక్క సబ్బునీళ్ళు వేసి కలపండి. తెట్టు చెదిరి పొడి నీళ్ళలో కలుస్తుంది.

రబ్బరు రాకముందు పెన్సిలు గీతలను రొట్టెముక్కతో చెరిపేవారట! పెన్సిలు గీతలు చెరపటానికి రబ్బరు చక్కగా పనిచేస్తుందని 1770లో జోసెఫ్ ప్రీస్ట్లీ రాశాడు. 1774లో ఆక్సిజన్ వాయువును తయారుచేసిన శాస్త్రజ్ఞుడు ఈయనే.

ఇక మీ గుడ్డ మీద గీత పడితే ఇలా చెయ్యండి. తడి తగలనివ్వకండి. గుడ్డ దులిపి, శుభ్రమైన తెల్ల రబ్బరుతో, దారాల కుట్టును తాకకుండా, ఒకే దిక్కుగా తుడవండి. ఇంకా మిగిలితే సబ్బు వాడే ముందు, తడి చేసిన తెల్లగుడ్డను రంగుదారాల వెనక అదిమి చూడండి. గుడ్డకు రంగు అంటితే ఉతకటం మానండి. అంటకపోతే, కింద పాతగుడ్డ పెట్టి, చన్నీళ్ళలో కలిపిన సబ్బును వెనకవైపు నుంచి అద్దండి, రుద్దకండి. పట్టు అయితే కుంకుడురసం మంచిది. నీడన ఆరవేసి, పగటి వెలుతురులో చూసి, గీత పూర్తిగా పోయాకనే ఇస్త్రీ చెయ్యండి.

మరొక హెచ్చరిక. కాపీయింగు పెన్సిలులో గ్రాఫైటుతోపాటు రంగు కూడా ఉంటుంది. తడి తగిలితే ఊదారంగు పొంగి వస్తుంది. రంగు పెన్సిళ్ళలో మైనం ఉంటుంది గనక వేడికి కరిగి గుడ్డలోకి ఇంకుతుంది. ఇస్త్రీ వేడికి మాయమయే పెన్నులు ఇప్పుడు బజారులో దొరుకుతున్నాయి. వాటి గీత పోలేదు, రంగు కనిపించటం మానింది, అంతే. బాగా చలవ తగిలితే మళ్ళీ కనిపించవచ్చు. అన్నిటికన్న, గట్టి 'హెచ్' పెన్సిలును సన్నగా చెక్కి, గీత బదులు తేలికగా చుక్కలు పెట్టుకోవటం మేలు.

తరవాత నేను బడిపంతులునై, హెడ్మాస్టరునై, ఎన్నో మరకలు చూశాను. కుట్టుపని గుడ్డను వెనక దాచుకుని, బిక్కమొహంతో నా గది ముందు నిలబడ్డ పిల్లలను చూశాను. "ఎవరు చేశారు?" అని నేను అడిగేవాణ్ణి కాదు. వాళ్ళ బొటనవేళ్ళు చూసేవాణ్ణి. తరవాత, "దీనికి ఇంకా తడి తగల్లేదు కదా?" అని మాత్రం అడిగేవాణ్ణి. గుడ్డ చటుక్కున ముందుకు వచ్చేది.